పెదనాన్న మైకు పటాలం

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఏ సంగతైనా ఆటోకి మైకు కట్టి చెబితేగాని నిజమయ్యేది కాదు. చీరల తగ్గింపు ధరలు, కుళాయి నీళ్లు రాకపోవడం, తప్పిపోయిన మేకపోతు, కంటి పరీక్షల శిబిరం, అన్నీ ఒకే ఆటోలోంచి ఒకే గొంతుతో వినపడేవి. ఇప్పుడవన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. ఎవరికి వాళ్లం తల వంచుకుని చదువుకుంటున్నాం. నాకు మాత్రం ఇప్పటికీ వీధిలో మైకు వినపడితే చేతిలో పని ఆగిపోతుంది. విజయవాడలో మా ఆఫీసు పిల్లలు నవ్వుకుంటారు ("మేడమ్ గారి ఆటో వచ్చింది" అని). వాళ్లకేం తెలుసు పాపం, ఒకప్పుడు ఆ మైకు పట్టుకుని నందిగామ మీద యుద్ధం చేసినదాన్ని నేను.

ఆ యుద్ధానికి సేనాని మా పెదనాన్న. నిజంగానే సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. అయితే ఆయన పనిచేసిన పటాలంలో తుపాకులకంటే మైకులు ఎక్కువ. మంచుకొండల్లో సరిహద్దు దగ్గర కూర్చుని, అవతల కాపలా కాస్తున్నవాళ్ల మనసు మెత్తబరచడం వాళ్ల ఉద్యోగం. మొదట్లో అది పటాలమే కాదట. ఒక డేరా, ఒక పాత మైకు సెట్టు, దాన్ని మోయడానికి ఒక కంచరగాడిద, ఎందుకూ పనికిరాడని పైవాళ్లు పక్కన పెట్టిన ఒక కెప్టెను, అంతే. మిగతా పటాలాలవాళ్లు వీళ్లని "పెళ్లి బ్యాండు" అని పిలిచేవాళ్లట. కొన్నాళ్లకి అవతలి గుడారాల్లో జనం చేస్తున్న పని ఆపి వింటున్నారని కబురొచ్చింది. దాంతో బ్యాండుకి మర్యాద పెరిగి, నాలుగు జట్లయింది. వినేవాళ్లు, రాసేవాళ్లు, పలికేవాళ్లు, పెట్టెలు మోసేవాళ్లు. అవతలివాళ్లు దేనికోసం బెంగ పెట్టుకున్నారో వినే జట్టు కనిపెట్టాలి. రాసే జట్టు దాన్ని మాటల్లో పెట్టాలి. పలికే జట్టు ఆ మాటల్ని అవతలివాళ్ల భాషలో, తొందరపడకుండా, అన్నం వేళకి కాస్త ముందు చెప్పాలి. పెదనాన్న బ్యాటరీలు మోసే జట్టులో చేరి, మోసి మోసి, చివరికి రాసే జట్టుకి ఎక్కాడు. ఆయన తెలుగులో అనుకుని హిందీలో చెప్పేవాడు, ఇంకొకాయన దాన్ని అవతలి భాషలోకి మార్చేవాడు. కరపత్రాలు కూడా గాల్లోకి వదిలేవాళ్లట. "గాలి తిరిగి మన వంటశాల ముందే తెచ్చి పడేసేదమ్మాయ్. పొయ్యి రాజేసుకోడానికి భలే పనికొచ్చేవి" అనేవాడు.

నేను అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. కబడ్డీ అంటే పడి చచ్చేదాన్ని. మూలన నిలబడి, గీత దాటి వచ్చిన పిల్ల చీలమండ దొరకబుచ్చుకుంటే ఇక వదిలేదాన్ని కాదు. పురుగుమందుల కొట్టు నడిపే మా నాన్నకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. మోకాళ్లు చెక్కుకుపోయిన కూతుర్ని చూసి మొహం అటు తిప్పుకునేవాడు. ఆ యేడు మా ఊళ్లోనే అమ్మాయిల కబడ్డీ పోటీలు పెట్టారు. గెలిచిన జట్టు జిల్లా పోటీలకి వెళ్తుంది. బయల్దేరేముందు నాన్న ఒక్కటే అన్నాడు. "గెలిచి జిల్లాకి వెళ్తే ఆడుకో, నేనడ్డు చెప్పను. ఓడావో, ఆ నిక్కరు మడిచి బీరువాలో పెట్టెయ్. మళ్లీ ఆ ఊసు నా దగ్గర ఎత్తకు." నాన్న మాటంటే మాటే. కాబట్టి మిగతావాళ్లకి అది కప్పు కోసం ఆట, నాకు మాత్రం ఆట కోసమే ఆట.

ఫైనల్లో మాకు ఎదురుపడింది నందిగామ. అంతకుముందు యేడు మమ్మల్ని మట్టి కరిపించిన జట్టే. వాళ్ల కెప్టెన్ ఒక పొడుగమ్మాయి, మా చేతుల్లోంచి జారిపోవడంలో దిట్ట. వాళ్లకి రోడ్డుకి ఆ పక్క బడిలో బస ఇచ్చారు. క్రమశిక్షణ పేరుతో మమ్మల్నీ ఇళ్లకి పంపకుండా రోడ్డుకి ఈ పక్క బడిలో పడుకోబెట్టారు. ఫైనల్ ముందు రోజు పెదనాన్న అరటిపళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మా మొహాలు చూశాడు. "భయపడుతున్నారేంటే! బలం చాలకపోతే మనసు మీద కొట్టాలి" అని అక్కడికక్కడే పటాలం ఏర్పాటు చేశాడు. వాళ్ల నాన్న బుల్లెట్టు బండి నడిపే మా కెప్టెన్ బుల్లెట్ అక్క వినే జట్టు. గొంతు బాగుందని నేను పలికే జట్టు. రాసేది ఆయనా నేనూ కలిసి. మోసే పని ఊరి మైకు ఆటోది.

బుల్లెట్ అక్క మంచినీళ్ల క్యాను ఇచ్చే వంకతో ఆ బడిలో దూరి, అరగంటలో కూపీ లాగేసింది. "ఆ పొడుగుదానికి వాళ్ల బుడ్డి తమ్ముడంటే పిచ్చి అంట పెదనాన్నా. తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఇంకో పిల్ల ఇక్కడి సాంబారు తినలేక చస్తున్నా, మా అమ్మ ఉలవచారు కావాలి అని ఒకటే గోల" అంది. పెదనాన్న మొహం వెలిగిపోయింది. "చాలు. రాయి అమ్మాయ్. అబద్ధం రాయకు, ఒకసారి దొరికిపోతే మళ్లీ వినరు. తిట్టకు. మీరు ఓడిపోతారు అనకు, పౌరుషం వస్తుంది. ఇల్లు గుర్తుచెయ్, అంతే" అన్నాడు. నందిగామ ఇళ్లు నాకేం తెలుసు? మా ఇల్లే రాశాను.

పొద్దు వాలేవేళ, రేపటి ఫైనల్ గురించి చెప్పే నెపంతో రెండు బడుల నడుమ రోడ్డు మీద ఆటో ఆపాం. సిమెంటు లారీలు పోతూ పోతూ మా మీద ఇంత దుమ్ము పోసి వెళ్తున్నాయి. నేను మైకు అందుకున్నాను. "నందిగామ చెల్లెళ్లకి నమస్కారం. ఈపాటికి మీ అమ్మ కుక్కరు దించి ఉంటుంది. ఉలవచారు మీద మీగడ వేసి, తినేవాళ్లు లేక గిన్నె మీద మూత పెట్టేసి ఉంటుంది. మీ తమ్ముడు మీ దుప్పటి కప్పుకుని, అక్క ఎప్పుడొస్తుందని అడుగుతూ ఉంటాడు..." అక్కడిదాకా బాగానే నడిచింది. "నాన్న కొట్టు కట్టేసి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, అమ్మాయేదీ అని అడిగి, లేదని గుర్తొచ్చి..." అనేసరికి నాకే ఏడుపు తన్నుకొచ్చింది. మైకులోంచి ఊరంతటికీ నా వెక్కిళ్లు వినపడ్డాయి. మా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. సాయం కోసం వెనక్కి చూస్తే మా సేనాని ఆటో చాటున నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు (దుమ్ము పడిందట).

ఇక్కడ మా పటాలం చేసిన పొరపాటు చెప్పాలి. ప్రచారం ఆటో మీద రెండు మైకు గొట్టాలుంటాయి. ముందుది నందిగామ బడి వైపు ఉంది, సరే. వెనకది తిన్నగా మా బడి కిటికీల్లోకి ఉంది. పెదనాన్న కొండల్లో మైకులు ఒక వైపే అరిచేవి గనక ఆయనకి తట్టలేదు. మాకూ తట్టలేదు. నేను కళ్లు తుడుచుకుని బడికి వెళ్లేసరికి చాపలు సగం ఖాళీ. నందిగామ పిల్లకి ఇల్లు గుర్తొస్తే బస్సు కావాలి, మా పిల్లలకి చెప్పులు చాలు. మిగిలినవాళ్లని అక్కడే ఉండమని, పోయినవాళ్లని వెనక్కి తేవడానికి నేను బయల్దేరాను. దారిలో మా ఇల్లు తగిలింది. అమ్మ అప్పుడే అట్లు పోస్తోంది. ఇక చెప్పడానికేముంది.

మర్నాడు పొద్దున వచ్చినవాళ్లం భుక్తాయాసంతో మైదానానికి చేరాం. ఒక పిల్లనైతే వాళ్ల నాయనమ్మ గడప దాటనివ్వలేదు, "నా మనవరాలు మైకు విని ఏడ్చింది, ఇక పంపను" అందట. నందిగామవాళ్లు కూడా ఏడ్చారు, అందులో అబద్ధం లేదు. ఏడుస్తూ ఇళ్లకి ఫోన్లు చేశారు. కొండల్లో బెంగపడ్డ సిపాయికి ఫోను లేదు, బస్సు లేదు. నందిగామకి రెండూ ఉన్నాయి. తెల్లారేసరికి తల్లులు, తండ్రులు, మేనత్తలు క్యారేజీలు పట్టుకుని మొదటి బస్సుల్లో దిగిపోయారు. మైదానం సగం నందిగామే. పొడుగమ్మాయి తమ్ముడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని గొంతు చించుకుంటున్నాడు. ఆఖరి కూతకి ఆమె వచ్చినప్పుడు చీలమండ నా చేతికి చిక్కింది. గట్టిగానే పట్టాను. ఆ బుడ్డోడు "అక్కా! వచ్చెయ్!" అని కేక పెట్టాడు. ఆ పిల్ల నన్ను మట్టిలో ఈడ్చుకుంటూ పోయి గీత ముట్టుకుంది. మేం ఓడిపోయాం.

పెదనాన్న మా ఇంటికి వచ్చి నా తరఫున వాదించాడు. "ఒరేయ్ తమ్ముడూ, తప్పు నా మైకుదిరా, దాన్ని ఆడుకోనీ." నాన్న కాఫీ గ్లాసు లోంచి తల ఎత్తలేదు. "మైకు నీదే అన్నయ్యా, గొంతు దానిదేగా." నేను నిక్కరు మడిచి బీరువాలో పెట్టాను. ఆ తర్వాత మళ్లీ ఆడలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కోపంగా అడిగాను. "అసలు మీ పటాలం మాటలు విని ఎప్పుడన్నా ఒక్కడన్నా కాపలా వదిలేసి ఇంటికి పోయాడా పెదనాన్నా?" ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "పోయాడు. ఒక్కడు." "ఎవరు?" "నేనే. అవతలివాళ్ల కోసం మా అమ్మ పొయ్యి ముందు కూర్చోడం రాసిచ్చా. పలికేవాడు అది చదువుతుంటే నేనే తట్టుకోలేకపోయా. సర్వీసు ఇంకా ఉన్నా పెన్షన్ పెట్టించుకుని వచ్చేసా." నవ్వబోయాడు. "వచ్చేసరికి పొయ్యీ లేదు, అమ్మా లేదు. ఇప్పుడేమో ఆ డేరా కావాలనిపిస్తుంది. తెల్లారి లేస్తే ఆ చలి, ఆ గాడిద, ఆ వెధవ కెప్టెనూ."

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇల్లు వదిలి డేరా కోసం బెంగపడే మనిషి ఉంటాడా అనుకున్నాను. ఇప్పుడు నాకు రెండు పూటలా వేడివేడిగా ఇంటి అన్నమే. గుమ్మంలో చెప్పులు విడిచి నన్ను అడిగేవాళ్లూ ఉన్నారు. అయినా వీధిలో మైకు వినపడగానే కిటికీ దగ్గరికి వెళ్తాను. ఎవరైనా ఆ మైకులో చెప్పాలి. బడి వరండాలో చాపలు పరిచి ఉన్నాయని. బుల్లెట్ అక్క ఎవరి మోకాలికో మందు రాస్తూ తిడుతోందని. సాంబారు నీళ్లలా ఉందని. రేపు ఫైనలని, మూలన ఒక చోటు ఖాళీగా ఉందని. అలా అంటే చాలు, ఈ వయసులో, ఈ మోకాళ్లతో, లొంగిపోయిన సిపాయిలా చేతులెత్తి బయటికి వచ్చేస్తాను. ఆటో ఏమో ఉల్లిపాయల ధర చెప్పి వెళ్లిపోతుంది.