బంతి మార్చరాదు

తాలూకా కచేరీలో నాకు ఉద్యోగం దొరకడం నా చేతిరాత పుణ్యమే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట ఇది. అప్పటికి రెండేళ్లుగా నేను తాత్కాలిక గుమాస్తాను. మూడు నెలలకోసారి పొడిగింపు ఉత్తరువు రావాలి, అది వచ్చేదాకా నాకు తిన్నది ఒంటబట్టేది కాదు. పర్మనెంటు అయితేనే పిల్లనిస్తానని మా మేనమామ తెగేసి చెప్పాడు. ఆ పర్మనెంటు ఫైలు మా శిరస్తదారు బల్లమీద ఉంది. శిరస్తదారంటే గుమాస్తాలందరికీ పెద్ద. మా ఊరి క్లబ్బుకు కార్యదర్శి ఆయనే, బాల్ బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెనూ ఆయనే. ఒక్క మనిషి ఇన్ని కుర్చీల్లో కూర్చుంటే నాలాంటివాడు ఏ కుర్చీకని దండం పెట్టాలి?

సాయంత్రం కచేరీ వదలగానే క్లబ్బు ముందర వల కట్టేవాళ్లు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, మధ్యలో పసుపుపచ్చ ఉన్నిబంతి. గాలి లేకపోతే చక్కటి ఆట. కానీ మా ఊళ్లో ఆషాఢమాసంలో గాలి లేని సాయంత్రం ఎవరూ చూడలేదు. చెట్టూ లేదు, గోడా లేదు. బయలంతా దాటుకుని వచ్చిన గాలి నేరుగా మా వలకే తగిలేది. ఎదురుగాలికి కొట్టిన బంతి ఒక్కోసారి కొట్టినవాడి నెత్తిమీదే పడేది.

దీనికి మా శిరస్తదారు ఒక మందు కనిపెట్టాడు. ఆయన గుడ్డసంచిలో రెండు బంతులుండేవి. ఒకటి మద్రాసు నుంచి తెప్పించిన కొత్తది, దూదిలాగా తేలిక. రెండోది పాతది. దాన్ని మధ్యాహ్నమే తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండ కింద పెడితే సాయంత్రానికి ఉల్లిగడ్డంత బరువెక్కేది. గాలి మా వీపున ఉంటే కొత్త బంతి బయటికి వచ్చేది. మేము కొడితే దూసుకుపోయేది, అవతలివాళ్లు కొడితే వల దాటేది కాదు. పక్కలు మారి గాలి మా ముఖాన కొట్టగానే, ఈ బంతి నలిగిపోయిందని తడిది తీసేవాడు. దాన్ని ఏ గాలీ కదిలించలేదు. ఇదేమి న్యాయమని ఎవరైనా అడిగితే, వాళ్లు కొట్టేదీ మనం కొట్టేదీ అదే బంతి కదా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఇక్కడ క్లబ్బు వరండా స్తంభానికి కొట్టిన రేకు సంగతి చెప్పాలి. మా వైపు బంతి అంటే ఆడుకునేదే కాదు, భోజనాలకు కూర్చున్న వరస కూడా. అంతకుముందు ఏడు క్లబ్బు విందులో రెండు బంతులు వేశారు, ఒకటి శాకానికి, ఒకటి మాంసానికి. మా సర్వేయరు శాకం బంతిలో నాలుగు ఓళిగలు, అంటే బొబ్బట్లు, నేతితో లాగించి, ఆకు ఎత్తుకుని మాంసం బంతిలోకి నడిచాడు. బంతిలో ఒకరు లేస్తే అందరూ లేచినట్టే లెక్క. ఆచారం పట్టింపున్న పెద్దలు అన్నం సగంలో వదిలి చేతులు కడుక్కున్నారు. శిరస్తదారు ఆ కోపంలో ఒక వాక్యం చెప్పి నా చేత రేకు మీద తెల్లరంగుతో రాయించాడు: "ఆరంభమైన పిమ్మట బంతి మార్చరాదు."

ఆ ఏడు చివరి పోటీకి బద్వేలు జట్టు వచ్చింది. వాళ్ల కెప్టెను మిషను బళ్లో అయ్యవారు, గొంతెత్తని మనిషి. నాకు ఆట రాదు కాబట్టి నన్ను అంపైరును చేసి ఎత్తుపీట మీద కూర్చోబెట్టారు. చెరొక ఆట గెలిచారు. మూడో ఆట సగంలో పక్కలు మారాయి, గాలి మా ముఖాన కొట్టింది, శిరస్తదారు చెయ్యి సంచిలోకి పోయింది. అయ్యవారు వరండా వైపు వేలు చూపించాడు.

"ఈడ మీరే రాసిండారు గదప్పా, మొదలైనాక బంతి మార్చగూడదని."

శిరస్తదారు నవ్వాడు. "అది కూటి బంతి గురించి రాసింది. రాసినోడు పీట మిందనే ఉండాడు, అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. ఇందులో తమాషా ఏమిటంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నిజం చెబితే మోసం గెలుస్తుంది, నా ఉద్యోగమూ నిలుస్తుంది. ఆట న్యాయంగా సాగాలంటే నేను అబద్ధమాడాలి, ఆ ఫైలు మీద ఆశ వదులుకోవాలి. మా మామ కూతురి ముఖం కళ్లముందు తిరిగింది. కానీ ఆ తడిబంతిని రెండేళ్లుగా చూసి చూసి విసిగిపోయి ఉన్నాను.

"అది ఆట బంతి గురించే రాసింది సార్," అన్నాను.

వెంటనే మా జట్టులో వెనక ఆడుతున్న సర్వేయరు ముందుకు వచ్చి, అట్లయితే తిండి బంతి మారడానికి అడ్డం లేనట్టే కదా అని అడిగాడు. అడ్డం లేదన్నాను. ఆయన మొహం విప్పారింది. మిగతా ఆట కొత్త బంతితోనే సాగింది. శిరస్తదారు కొట్టినవన్నీ గాలికి తిరిగి ఆయన దగ్గరికే వచ్చాయి. మేము ఓడిపోయాము.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని కచేరీకి వెళ్లాను. తీసేస్తారని తెలుసు. దిగులుగా ఉంది, దానితోపాటు ఎన్నడూ లేని గర్వంగానూ ఉంది. శిరస్తదారు నా ఫైలు ముందు పెట్టుకుని పిలిచాడు.

"ఆ రేకు నేను యాల రాయిస్తినో నీకు తెల్సు గదా?"

"తెల్సు సార్. కానీ తడిబంతి అన్యాయం సార్."

"అది ఇడ్సిపెట్టు. ఒకదానికి రాసిన మాటను ఇంగొకదానికి నిలబెడితివి, కండ్లు ఆర్పకుండ. ఒక గడియ నేనే నమ్మితినప్పా. నీ అట్లాటోడు కచేరీకి శానా అవసరం."

సంతకం పెట్టేశాడు. తడిబంతి అన్యాయమని మళ్లీ అనబోయాను, ఆయన వినలేదు. నాకు సంతోషం కలిగింది, కాదనను. మామకు జాబు రాయాలన్న ఆలోచనా వచ్చింది. అంతలో ఆయన ఇంకో కాగితం నా ముందుకు తోశాడు. వానలు లేక పంట పోయింది, శిస్తు మాఫీ చేయమని ఒక రైతు పెట్టుకున్న అర్జీ. దాన్ని తోసిపుచ్చడానికి, వేరే ఊరికి వేరే సంగతిలో ఎప్పుడో రాసిన పాత ఉత్తరువు పనికొస్తుందేమో చూడమన్నాడు. పర్మనెంటు గుమాస్తాగా నా మొదటి పని.

బీరువా తీసి చూశాను. పనికొచ్చింది.