ఒకే పడుగు మీద రెండు చీరలు

మా వదిన సోమవారం నందిగామ బడిలో టీచరుగా చేరాలి. అన్నయ్య పోయి ఏడాది దాటినా తెల్లచీర వదల్లేదు. ఆ చీరతోనే పిల్లల ముందు నిలబడతానంటే నాకు ఒళ్లు మండింది. పందొమ్మిదివందల అరవైల్లో బెజవాడ టీచర్లంతా, నూలును అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచి నేసిన చీరల మీద మోజు పడుతున్న రోజులవి. అలాంటిదొకటి కొనిపించాలని పంతం పట్టి వదినను జగ్గయ్యపేటకు బయలుదేరదీశాను. తీరా బయలుదేరే వేళకు అమ్మ కూడా సంచీ పట్టుకుని వచ్చింది. నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆవిడదీ తెల్లచీరే. ఇక ఆవిడ రంగుచీర కొననిచ్చినట్టే అనుకున్నాను.

పొద్దున్నే బస్సెక్కితే చిల్లకల్లు మీదుగా గంట పైచిలుకు ప్రయాణం, టిక్కెట్టు రూపాయిలోపే. కిటికీ పక్కన కూర్చుంటే మొహమంతా దుమ్ము. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన నేతాయన ఇంటికి నడిచాం.

ఆయన మగ్గం దిగి వచ్చి, ఎరుపు మీద తెల్ల గళ్ల చీర పరిచాడు. గళ్ల అంచులు కాస్త అలుక్కున్నట్టు ఉంటాయి, ఆ నేతకు అందమే అది. వదిన దాన్ని ఇష్టంగా నిమిరి, అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు మేరీ. చర్చిలో అందరూ నన్నే చూస్తారు."

"చూడనీ! వాళ్ల సొమ్మేం పోయింది?" అన్నాను.

వదిన కళ్లు నిండాయి. ఖాళీ చేతులతో తిరుగు ప్రయాణమే అనుకున్నాను.

అప్పుడు అమ్మ ఆ చీరను చేతిలోకి తీసుకుని నేతాయన వైపు చూసింది. "ఏవండీ, ఇట్టాంటిదే ఇంకోటుందా?"

"ఒక్క పడుగు మీద నాలుగు చీరలొస్తయమ్మా. రెండు అమ్ముడుపోయినయి. దీని జోడు ఉన్నది."

"అదీ ఇవ్వండి. నేను కడతా." వదిన వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే అయితే నిన్నే చూస్తారు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఎవర్ని చూడాలో తెలీక చస్తారు."

వదిన అమ్మ భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది!

ఆ ఆదివారం ఇద్దరూ ఎర్రచీరల్లో చర్చికి వచ్చారు. వెనక గుసగుసలు వినబడితే అమ్మ పాట ఇంకాస్త గట్టిగా ఎత్తుకుంది. ధైర్యం చెప్పడం కన్నా పక్కన కూర్చోవడం పెద్ద సాయమని నాకు అప్పుడే తెలిసింది.

మీరూ ఇలాంటి చీర కొంటే ఒక్క జాగ్రత్త: మొదటిసారి విడిగా ఉతకండి, రంగు దిగుతుంది. అమ్మ తన తెల్లచీరలన్నిటితో కలిపి నానబెట్టింది. అన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. "ఇన్నేళ్లుగా బట్టలుతుకుతున్నావు, ఆ మాత్రం తెలీదా?" అని అరిచాను.

"తెలుసులేవే," అంది అమ్మ.