తాత పంచె వెలిగిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తెలియకపోవడం డిగ్రీలో చేరాక మొదలైంది. కేజీఎఫ్‌లో పదో తరగతి చదువుతూ, జిల్లా విజ్ఞాన ప్రదర్శనకు నానో పదార్థాల మీద ప్రాజెక్టు పెట్టాను. పట్టుగూళ్ళను మాడ్చి, నూరి, కుక్కర్లో ఉడికించి వడకడితే, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని బొగ్గు రేణువులు నీళ్ళలో మిగులుతాయనీ, దొంగనోట్లు పట్టే టార్చి వేస్తే అవి నీలంగా వెలుగుతాయనీ చదివాను. లక్కూరులో పట్టుపురుగులు పెంచే మా పెద్దమ్మ గూళ్ళు పంపింది. (ఆ కంపుకు పక్కింటివాళ్ళు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఆ కుక్కర్లో మళ్ళీ పప్పు వండనని అమ్మ ఒట్టు పెట్టుకుంది.) సాయంత్రం టార్చి వేయగానే సీసా నిజంగానే వెలిగింది. వీధి వీధంతా పిలిచి చూపించాను. గెలిస్తే రాష్ట్రస్థాయికి బెంగళూరు పంపుతారు. మనసులో అప్పుడే బంగారుపేటలో రైలెక్కేశాను.

కోలారులో ప్రదర్శనకు తాత తోడొచ్చాడు. గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, మల్లెపువ్వులా ఉతికిన పంచె కట్టుకుని నా బల్ల పక్కనే కూర్చున్నాడు. మార్కులు వేసే మేడమ్ చీకటి కోసం కిటికీ తెర దింపించి టార్చి వేసింది. సీసా వెలిగింది. దానికి నాలుగింతలుగా తాత పంచె వెలిగింది. "ఈయన కూడా నానోనేనా?" అని ఆమె నెమ్మదిగా అడిగి, నేను ఇంటినుంచి తెచ్చిన ఇంకో సీసాలో ఉత్త నీళ్ళు పోసి పెట్టమంది. అదీ వెలిగింది. బట్టలు తెల్లగా కనబడాలని సబ్బుపొడిలో కలిపే మందు ఈ వెలుతురుకు మెరుస్తుందట. మా వీధికి నీళ్ళ ట్యాంకరు వారానికొకసారి వచ్చేది కాబట్టి, అమ్మ ఆ పొడితో తోమిన సీసాలను ఒక్కసారే నీళ్ళతో కడిగేది.

నా చార్టు మీదేమో పెద్దక్షరాలతో 'ఫలితం: విజయం' అని ఉంది. మళ్ళీ వస్తానని మేడమ్ పక్క బల్లకు వెళ్ళింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ వెలుగులో గూళ్ళదీ కాస్త ఉందని బుకాయిద్దామా అని తాతను అడిగాను.

"అమ్మణ్ణీ, గనిలో శానా దినాలు ఉత్త రాయే వచ్చేది. ఈడ ఉత్త రాయేనని గుర్తు పెట్టేసి పైకొచ్చేవాళ్ళం. లేకుంటే ఎనకొచ్చినోడు మళ్ళా ఆడే తవ్వి చస్తాడు గదా" అన్నాడు.

'విజయం' కొట్టేసి, 'వెలుగు సబ్బుపొడిదే కావచ్చు' అని రాశాను. మేడమ్ అది చదివి, నా భుజం తట్టి, బెంగళూరుకు వేరే పిల్లను పంపింది. తిరుగు బస్సులో తాత తన పంచె ఘనత కండక్టరుతో సహా అందరికీ చెప్పాడు.

ఇప్పుడు నేను ల్యాబులోనే పనిచేస్తున్నాను. ఏది మెరిసినా ముందు అనుమానిస్తాను, వారం తర్వాత నమ్ముతాను. అది మంచి అలవాటే, నాకు జీతమిచ్చేది అందుకే. అయినా ఏమీ తేల్చుకోకుండానే వీధిని పిలిచేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. నిజంగా కనిపెట్టినప్పుడు సైతం నాకు అంత సంతోషం కలగలేదు.