పేరు చెప్పని విన్నపం

మా మేడ మీది గదిలో దిగిన ఆమె ఎవరో కడపలో నాకూ, మా పాస్టరుగారికీ తప్ప తెలియకూడదు. మొగుడు తల పగలగొడితే ఆరేళ్ల కూతురితో ఆదోని వైపు నుంచి పారిపోయి వచ్చింది. ఈసారి దొరికితే చంపుతానన్నాడట. ఏళ్ల తరబడి డైరీ రాస్తున్నా, అందులో కూడా ఆమె పేరు రాయలేదు. ‘పై గది’ అని రాసేవాణ్ని.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదవడం మా సంఘానికి అలవాటు. పేర్లు చెప్పరు. ఇప్పుడు ఆ ఆరాధన ఫోన్లలో కూడా వస్తుంది, మంచాన పడ్డవాళ్ల కోసం.

మొదటి వారం, “భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఒక సహోదరి కోసం” అన్నారు పాస్టరుగారు. మరుసటి వారం ఆమె బిడ్డ చెవి ఆపరేషన్ కోసం. ఆ పై వారం స్తోత్రం: సహోదరికి కుట్టుపని దొరికింది.

బయట చెప్పులు వేసుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

“టైలర్ అంగట్లో కొత్తగా కుడతాండాదే, ఆయమ్మే గదా?”

“ఆయమ్మే. పాప చెవిలో దూది ఉండాది చూడు. మొన్న అంగడికాడ డబ్బుల్ని దుడ్లు అనింది. ఆదోని పక్కోళ్లే అట్ల మాట్లాడేది.”

“పాపం, ఇంత బియ్యమన్నా ఇచ్చొద్దాం పా.”

వెనక్కి వెళ్లి పాస్టరుగారికి చెప్పాను.

“పేరు యాడా అనలేదే సార్.”

“ఇంక పేరొక్కటే మిగిలింది అయ్యగారూ.”

ఆయన ఆ మూడు వారాల ఆరాధన వీడియోలు తీసేద్దామని ఫోన్ తెరిచారు. మూడోదాని కింద, ఫొటో లేని ఎవరో అడిగారు: ‘ఆ కుట్టుపని యాడన్నా?’ దాని కిందే మా సంఘంలో ఒకావిడ జవాబు: ‘స్టేషన్ రోడ్డు టైలర్ అంగడి. మీకు తోచిన సాయం చేయండి, ప్రభువు దీవిస్తాడు.’

నేను మేడ ఎక్కేసరికి ఆమె చొక్కాకు గుండీలు కుడుతోంది. చెప్పాను. అడిగిందెవరని ఆమె అడగలేదు. సూది గుచ్చి చొక్కా మడిచింది.

“మంచోళ్లే పెద్దయ్యా. వాళ్లనేమీ అనొద్దు.”

“యాడికి పోతాండామమ్మా?” అంది పాప. తల్లి దాని నోరు చేత్తో మూసింది. బస్టాండు దాకా వస్తానంటే నన్ను వద్దంది. ఏ ఊరని నేనూ అడగలేదు.

మరునాడు ఇద్దరు మగవాళ్లు టైలర్ అంగడికి వచ్చి, చెవి ఆపరేషన్ అయిన పాప గురించి వాకబు చేసి పోయారు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు, విన్నపాలు ఎవరికి వారు మనసులోనే చెప్పుకొమ్మన్నారు. బయటికొస్తే ఆ ఇద్దరు ఆడవాళ్లు బియ్యం సంచితో నిలబడి ఉన్నారు.

“మీ మేడ మీదుండే ఆయమ్మ, ఆ పాపను పిల్చుకోని యాడికి పోయింది సార్?”

“నాకు తెలీదమ్మా.”

నిజమే చెప్పాను. వాళ్లు నమ్మలేదు.

“మాకు చెప్తే ఏమయితాది సార్? మేమేమన్నా పరాయోళ్లమా?”