సగం మొహంతో శాక్సోఫోన్

మా మొదటి ఆల్బం రికార్డింగుకు ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు. కుడి పక్క పెదవి మూల నుంచి కారి బట్టల మీద పడ్డాయి. నిద్రమత్తు అనుకుని మళ్లీ నీళ్లు పోసుకున్నాను. మళ్లీ కారాయి. అద్దంలో చూసుకుంటే నా మొహం నాది కాదు. ఎడమ సగం భయపడుతోంది. కుడి సగం తనకేమీ పట్టనట్టు ఊరుకుంది. "అమ్మా" అని పిలవబోతే పెదవులు కలవక, అదేదో వేరే మాటలా బయటికొచ్చింది.

అమ్మ కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచి వచ్చింది. నన్ను చూడగానే గోడ పట్టుకుంది.

"అయ్యో, మూతి గిట్ల పోయిందేందే!" అని, బయటి గదిలోకి కేక వేసింది. "ఏమయ్యా, జర ఇటు రా! పిల్లకు పక్షవాతం వచ్చినట్టున్నది!"

మా నాయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకుంటాడు. అప్పుడే షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. వేసుకున్న బూట్లతోనే లోపలికి వచ్చేశాడు. ఆయన అలా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"దవాఖానకు పోదాం పా బిడ్డా. నడుస్తవా? కాళ్లు చేతులు మంచిగున్నయా?"

కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి. ఆటోలో నిజాంపేట రోడ్డు దాటేదాకా అమ్మ నా కుడి అరచేతిని వదలకుండా నొక్కుతూనే ఉంది, బలం ఉందో లేదో చూడటానికి.

డాక్టరమ్మ కనుబొమ్మలు ఎత్తమంది, కళ్లు గట్టిగా మూయమంది, బుగ్గలు ఉబ్బించమంది. కుడి పక్క ఏదీ జరగలేదు. అప్పుడు ఆమె కుర్చీ ముందుకు లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "ఇది పక్షవాతం కాదు. మెదడుకు ఏమీ కాలేదు. మొహాన్ని కదిలించే నరం వాచింది, అంతే. తగ్గుతుంది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మా నాయన గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది.

"డాక్టర్, నేను శాక్సోఫోన్ వాయిస్తాను."

"ఊదేదే కదా?"

"ఊదేదే."

ఆమె మందులు రాయడం ఆపింది. "అయితే కొన్నాళ్లు దాన్ని ముట్టుకోకండి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. మీ వయసులో చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది. మాట మాత్రం ఇవ్వలేను."

నా బతుకంతా ఆ పెదవి మూలలోనే ఉందని ఆమెకెలా చెప్పను?

బడిలో ఉన్నప్పుడు బ్యాండులో చేరాను. మొదట క్లారినెట్ ఇచ్చారు. నేర్పించే మాస్టారు పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరైనవాడు. ఒక సాయంత్రం ఆయన తన ఫోనులో ఒక జాజ్ పాట వినిపించాడు. అందులో శాక్సోఫోన్ పాడుతున్నట్టు లేదు, మనిషి మాట్లాడుతున్నట్టు ఉంది. ఒక మాట అని, ఆగి, అన్నది సరిగ్గా లేదని మళ్లీ చెబుతున్నట్టు ఉంది. "ఇది రాసి పెట్టుకున్నది కాదు. బాణీ ఒక్కటే ముందు అనుకుంటరు. ఆ మీద అప్పుడు తోచిందే" అన్నాడు మాస్టారు. అప్పటికప్పుడు తోచినదాన్ని అంత ధైర్యంగా నలుగురిలో చెప్పవచ్చని నాకు ఆ రోజు దాకా తెలియదు. మా ఇంట్లో, బడిలో, ఎక్కడైనా సరే, నేను నోరు తెరవడానికి ముందు లోపల రెండుసార్లు అనుకునే పిల్లని.

ప్రగతి నగర్‌లో శాక్సోఫోన్ అంటే పెళ్లి ఊరేగింపే. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు నా సాధన విని, "మీ బిడ్డ పెండ్లిళ్లకు వస్తదా?" అని అమ్మను అడిగేవారు. అమ్మ కొంచెం గర్వంగానే, "రాదు, అది వేరే తీరుది" అనేది. ఏ తీరుదో ఆమెకూ తెలియదు.

కొండాపూర్‌లో ఒక మ్యూజిక్ స్కూల్లో పాఠాలు చెబుతూ, ఆదివారం మధ్యాహ్నాలు హైటెక్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో వాయించేదాన్ని. మేము నలుగురం. పియానో వాయించే అక్కది రాజమండ్రి. ఆ రెస్టారెంట్ ఎదురు వీధిలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమెకు ఉద్యోగం. బేస్ గిటార్, డ్రమ్స్ వాయించే అన్నలిద్దరూ ఐటీ వాళ్లే. అక్కడికొచ్చేవాళ్లు మా కోసం రారు. తినడానికి వస్తారు, పుట్టినరోజు కేకులు కోస్తారు, మధ్యలో సినిమా పాట వాయించమని చీటీ పంపుతారు. అయినా ప్రతి వారం ఎవరో ఒకరు చెంచా కింద పెట్టి, మావైపు తిరిగి కూర్చునేవారు. మేము వాళ్ల కోసం వాయించేవాళ్లం. అలా ఏళ్లు గడిచాక మా సొంత పాటలు కొన్ని తయారయ్యాయి. సగం అక్కవి, సగం నావి. వాటినే రికార్డు చేద్దామనుకున్నాం.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే అక్క ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. అమ్మకు "కంగారు పడకండి ఆంటీ, మా ఆఫీసులో ఒకాయనకి కూడా వచ్చి తగ్గిపోయిందండి" అని చెప్పి, నా పక్కన మంచం మీద కూర్చుంది. నేను కుడి కన్ను మూతపడక, అందులో దుమ్ము పడకుండా కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను.

"స్టూడియోవాళ్లు తేదీ మార్చడం కుదరదన్నారు. డ్రమ్స్ అన్నయ్యేమో ఆఫీసు పని మీద పుణె వెళ్లాలి. వేరే శాక్సోఫోన్ వాళ్లనెవరినైనా పిలుద్దామా అని అడిగాడు."

"నువ్వేమన్నవ్ అక్కా?"

"ఆలోచించాను. నీ దగ్గర అబద్ధం ఎందుకు? ఒక పూటంతా ఆలోచించాను. నా వల్ల కాలేదు. నీ చోటు ఖాళీగా ఉంచి మేం ముగ్గురం వాయించేస్తాం. తగ్గాక నువ్వొచ్చి దాని మీద వాయించు."

"తగ్గకపోతే?"

"అప్పుడు ఆ ఖాళీ అలాగే ఉంటుంది. ఇంకొకళ్లని మాత్రం అందులో కూర్చోబెట్టను."

ఆమె వెళ్లాక నేను చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె ఆలోచించానని ఒప్పుకున్నందుకే, తర్వాత అన్న మాటను నమ్మగలిగాను.

రికార్డింగు రోజున నేనూ వెళ్లాను. ఇంట్లో ఉంటే ఇంకా కష్టంగా ఉండేది. స్టూడియో తెల్లాపూర్‌లో, గేటెడ్ కమ్యూనిటీలో ఒక విల్లా కింది అంతస్తులో ఉంది. గాజు తలుపుకు ఇవతల, రికార్డు చేసే ఇంజినీరు పక్కన కూర్చున్నాను. ఆ జబ్బులో చెవి కూడా చప్పుళ్లకు ఓర్వలేదని నాకు తెలియదు. డ్రమ్స్ అన్న ఇత్తడి సింబల్ మీద కొట్టినప్పుడల్లా కుడి చెవిలో సూది దిగినట్టయ్యేది. దూది పెట్టుకుని విన్నాను. నా పాట వచ్చింది. ముగ్గురూ మొదలుపెట్టారు. నేను అందుకోవలసిన చోట అక్క తల పైకెత్తి, అలవాటుగా, నేను నిలబడే వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. పియానో కొంచెం తగ్గి, ఆ ఖాళీని మోస్తూ సాగింది. నా కుడి కంట్లోంచి నీళ్లు కారాయి. అవి జబ్బు నీళ్లో ఏడుపో నాకే తెలియలేదు. ఇంజినీరు మర్యాదగా తెరవైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత రోజులు చాలా నెమ్మదిగా గడిచాయి. మాత్రలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు కంటి మీద టేపు. ఏది తిన్నా నాలుకకు ఇనుము రుచి. స్కూల్లో పాఠాలు మానేశాను. ఫిజియోథెరపిస్టు కొన్ని కసరత్తులు నేర్పింది. అద్దం ముందు కూర్చుని కనుబొమ్మ ఎత్తాలి, ముక్కు చిట్లించాలి, మూతి సున్నాలా చుట్టాలి, ఆ, ఈ, ఊ అనాలి. అద్దంలో నన్ను నేను చూసుకోలేక రెండో రోజే మానేశాను.

మా నాయన అది గమనించాడు. మర్నాడు పొద్దున చాయ్ తాగి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా ఎదురుగా వేసుకున్నాడు.

"అద్దమెందుకు? నన్ను జూడు. నువ్వేం జేస్తే నేను గదే జేస్త."

"నాయినా, నీకెందుకు?"

"నువ్వొక్కదానివే చేస్తే సిగ్గయితది. ఇద్దరం చేస్తే ఏం గాదు. కానియ్."

మా నాయన మితభాషి. నేను పుట్టినప్పటి నుంచి ఆయన మొహంలో చూసిన కదలికలన్నీ కలిపినా ఆ ఒక్క పొద్దుటికి సరిపోవు. కనుబొమ్మలు ఎత్తాడు, ముక్కు చిట్లించాడు, "ఈ" అని పళ్లన్నీ చూపించాడు. మీసం కింద మూతి సున్నాలా చుట్టినప్పుడు చేపలా ఉన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "ఇద్దరికీ పిచ్చి లేసింది" అంది. అప్పటి నుంచి షిఫ్టు ఏదైనా సరే, ఆ కుర్చీ నా ఎదురుగా పడేది.

ఒకరోజు మేము బుగ్గలు ఉబ్బించి కూర్చుని ఉండగా, కింది పోర్షన్ ఆవిడ జాకెట్ గుడ్డ పట్టుకుని తలుపు తోసుకుని వచ్చేసింది. మా నాయన ఆమెను చూశాడు. కసరత్తు మధ్యలో ఆపకూడదని ఫిజియో చెప్పిన మాట ఆయనకు బాగా గుర్తున్నట్టుంది. బుగ్గలు ఉబ్బించుకునే, తలతో "రండి" అన్నట్టు సైగ చేశాడు. ఆవిడ వచ్చిన దారినే వెళ్లిపోయింది. నాకు నవ్వు ఆగలేదు.

మా నాయన బుగ్గలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. "ఆగు. మళ్ల నవ్వు."

"ఏంది?"

"కదిలింది బిడ్డా. ఈ పక్క కదిలింది. నేను జూసిన."

అమ్మ ఫోను టార్చి వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏదీ, ఏదీ, నవ్వు జూద్దాం." ఎవరైనా నవ్వమంటే నవ్వెక్కడ వస్తుంది? ఇద్దరూ నా పెదవి మూల దగ్గర మొహాలు పెట్టి కాచుకుని కూర్చున్నారు. వాళ్లను చూస్తే మళ్లీ నవ్వొచ్చింది. చిన్న అదురు, చర్మం కింద చీమ నడిచినట్టు. అమ్మ నా తల తన పొట్టకు అదుముకుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో సంగీతం గుర్తుకు రాలేదు. నా మొహం నాకు తిరిగి వస్తోంది, అంతే.

డాక్టరమ్మ సరేనన్నాక శాక్సోఫోన్ పెట్టె తెరిచాను. మౌత్‌పీస్ పెదవుల మధ్య పెట్టుకుని ఊదితే కుడి మూల నుంచి గాలి తుస్సుమని పోయింది. ఆ మూలను వేలితో మూసుకుందామంటే రెండు చేతులూ వాయిద్యం మీదే ఉండాలి. మా నాయన కాసేపు చూసి, చేతులు కడుక్కుని వచ్చి, బొటనవేలితో నా పెదవి మూలను మెత్తగా నొక్కిపట్టాడు.

"ఇప్పుడు ఊదు."

ఊదాను. ఒకే ఒక్క కింది స్వరం, వణుకుతూ, బొంగురుగా వచ్చింది. వచ్చింది కదా! ఊపిరి అయిపోయేదాకా వదల్లేదు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి ఊదాను. కొన్ని పొద్దుటిపూటల తర్వాత ఆయన వేలు అవసరం లేకుండా పోయింది.

తెల్లాపూర్ స్టూడియోకు మళ్లీ వెళ్లేసరికి డ్రమ్స్ అన్న కూడా పుణె నుంచి వచ్చేశాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాళ్లు ముందే వాయించి పెట్టినదాని మీద నా పాట వాయించాను. తప్పులేమీ లేవు. ఇంజినీరు బొటనవేలు ఎత్తి చూపించాడు. కానీ నేను శాక్సోఫోన్‌తో ఏమన్నా అవతల నుంచి జవాబు రావడం లేదు. నేను గట్టిగా అన్నప్పుడు పియానో మెత్తగా ఉంది, నేను ఆగినప్పుడు అదీ ఆగింది. గాజుకు అవతల అక్క తల అడ్డంగా ఊపి, తలుపు తెరుచుకుని లోపలికి వచ్చింది.

"ఇది పారేద్దాం. నలుగురం కలిసి మళ్లీ వాయిద్దాం. నీకు ఓపిక ఉందా?"

"ఉన్నది గని, మధ్యల మూతి అలిసిపోతే?"

"అలిసిపోతే ఆపు. నువ్వు ఆగిన చోటు నేను చూసుకుంటాను."

ఆ మాటతో నా భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి చెవుల దగ్గర ఉన్నాయని అప్పుడే తెలిసింది. నలుగురం ఒకరికొకరం కనిపించేలా నిలబడి మొదలుపెట్టాం. నా వంతు వచ్చినప్పుడు అక్క తల ఎత్తింది. నేను అక్కడే ఉన్నాను. నడుమ ఒకచోట నిజంగానే పెదవి జారి, స్వరం పక్క నుంచి గాలి వచ్చింది. నేను ఆగిపోయాను. అక్క ఆ గాలిని ఒక మాటలాగే తీసుకుని, దానికి పియానోలో బదులిచ్చింది. డ్రమ్స్ అన్న నవ్వుతున్నాడు. నేను మళ్లీ అందుకున్నాను. ఆసారి రికార్డయిందే ఉంచుకున్నాం.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వాన కురిసి వెలిసింది. మా నలుగురికీ విపరీతమైన ఆకలి. దారిలో మొదట కనిపించిన టిఫిన్ సెంటర్‌లో నిలబడి దోసెలు తిన్నాం. కారపు చట్నీ నాలుకకు కారంగానే తగిలింది.

ఆల్బం ఇంటర్నెట్‌లో పెట్టాం. విన్నవాళ్లు కొద్దిమందే. మా నాయన మాత్రం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఫోను బల్ల మీద పెట్టి తోటివాళ్లందరికీ వినిపించాడట. సగం పాట అయ్యాక ఒకాయన, "అన్నా, పాట ఇంకెప్పుడు మొదలైతది?" అని అడిగాడట.

"నువ్వేం చెప్పినవ్ నాయినా?"

"మొదలయ్యే ఉన్నది, సప్పుడు చెయ్యకుండ విను అన్న."

"మరి నీకు సమజైందా?"

"లే. గని నువ్వు నడుమ నడుమ గాలి తీస్కునేది వినొస్తది. గది వింట."