గాజుల బీరువాకు తాళం

మద్రాసు నుంచి రైల్లో అద్దాలు తెప్పించి, కడపలో మా గాజుల అంగడికి బీరువా చేయించి ఎనిమిది రోజులైంది. ఇదివరకు గాజులు తాళ్లకు వేలాడేవి. వచ్చినవాళ్లంతా తడిమి చూసేవారు, రోజూ కొన్ని పగిలేవి. ఇప్పుడు అన్నీ అద్దాల వెనక మెరుస్తున్నాయి, తాళంచెవి నా మొలతాడుకు ఉంది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఒక్క డజను కూడా అమ్ముడుపోలేదు.

ఈ రోజు ఖాసింబీ అవ్వ వచ్చింది. ముప్పై ఏళ్లుగా మా దగ్గరే గాజులు వేయించుకుంటోంది. ఆమె కూడా చేతులు వెనక్కి కట్టుకుని చూసి, వెళ్లబోయింది. ఉండబట్టలేక అడిగాను.

"ఏమవ్వా, నచ్చలేదా?"

"శానా బాగుండాయప్పా. ఎవురివి ఇవన్నీ?"

"ఎవురివేంది, అమ్మేవే."

"తాళమేసినావు కదా. పెండ్లోళ్లకు తీసిపెట్టినావేమో అనుకుంటి."

అప్పుడు తెలిసింది. మా నాయన కాలం నుంచి మా అంగట్లో తాళం వేసేది ఒక్క పెట్టెకే, పెళ్లివాళ్లు ముందే ఎంచుకున్న గాజులకు. ఊరంతా నా బీరువాను ఆ పెట్టె అనుకుంది.

అద్దాలు మాత్రం తీయను. అక్కడికక్కడే తాళం తీసి, రెండు అరల తలుపులూ బార్లా తెరిచాను. అవ్వ నింపాదిగా అన్నీ తడిమి, పచ్చ గాజులు ఎంచుకుంది. చుట్టి ఇవ్వబోతే వద్దంది.

"శుక్రవారం మనవరాల్ని తోలుకొస్తా. అందాకా తాళమేసి పెట్టప్పా, ఎవురూ ముట్టుకోకుండా."

వేశాను, అవ్వ గాజులున్న అర తలుపుకే. రెండోది తెరిచే ఉంది. ఈ ఎనిమిది రోజుల్లో చూసి వెళ్లినవాళ్లలో మీరూ ఉంటే, రేపు వచ్చి చేయి పెట్టండి.