బ్యానరు వెనక సింహాద్రి

"నూడిల్స్ ఉడకెట్టడం అంటే నీళ్లు మరగెట్టడం కాదు బావా. ముక్కాలు వంతు ఉడగ్గానే దించీసి, సన్నీళ్లు కొట్టి, నూనె రాసి, గుడ్డ మీద ఆరబెట్టీయాల. ఆ టై కట్టుకున్న గుంటలికి ఈ సంగతి ఎవుడు సెప్పినాడు? ముద్దకట్టీసినాయి. మజ్జానం రెండుకల్లా జనం ప్లేట్లు ఒగ్గీసి ఎలిపోతన్నారు."

సింహాద్రి చెబుతున్నది రెండేళ్ల కిందటి, అంటే 2004 వేసవిలోని ఒక ఆదివారం సంగతి. అప్పుడతను ద్వారకా నగర్‌లో ఒక ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లో పొయ్యి దగ్గర మాస్టరు. అతని చేతి వంట ఏళ్ల తరబడి తిన్నవాణ్ని నేను; బావా అని పిలుస్తాడు గానీ మాకు చుట్టరికం లేదు. ఇప్పుడు కంచరపాలెంలో అతని గది గడప మీద కూర్చుని వింటున్నాను. కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకుని మాట్లాడతాడు.

ఊళ్లో కేబుల్ ఛానల్ ఒకటి పోటీ పెట్టింది. ఎం.బి.ఏ. చదివే పిల్లలు రెండు జట్లు, ఎదురెదురుగా రెండు ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లు. ఒక్కరోజు ఒక్కో జట్టు ఒక్కో షాపు నడపాలి. ఎక్కువ ప్లేట్లు అమ్మినవాళ్లు గెలిచినట్టు. వంటా వడ్డనా అంతా పిల్లలే చెయ్యాలి. షాపు పనివాళ్లు లోపల అడుగుపెడితే ఆ జట్టు ఓడినట్టే.

"మరి నువ్వెలా వెళ్లావు?"

"మా ఓనరు శ్రీరామ్మూర్తిగారు కబురెట్టినారు. ఎదురుషాపోడు గెలిస్తే నెల్లాళ్లు టీవీలో ఆడి బోర్డే తిరుగుతాదంట. పొయ్యికి అడ్డంగా ఆ టీవీవోళ్ల బ్యానరే కట్టించీసి, ఎనక గుమ్మంలోంచి నన్ను దూర్సినారు. 'పరువు నీ సేతిలో ఉందిరా సింహాద్రీ' అన్నారు. నాకూ సరదా యేసింది బావా, అబద్దమేటి."

జట్టులో మణికంఠ అనే విద్యార్థి అతనికి సరుకు అందిస్తున్నాడు.

"నీళ్లోడతన్న సికెన్ తట్ట తెచ్చి అలాగే కాగిన నూనెలో బోర్లించీసినాడు. మూకుడు బగ్గుమన్నాది. నా మోసేతి దాకా నూనె."

"అరవలేదా?"

"ఎలా అరుత్తాను? బ్యానరుకి అవతలే మైకు. అప్పుడే ఏంకరమ్మ ఆణ్ని పిలిసి, 'మీ విజయ రహస్యం ఏంటండీ' అనడిగింది. ఆడు బయటికెల్లి 'టీమ్ వర్క్' అన్నాడు. నాను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను."

తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

షాపు పదకొండు ప్లేట్ల తేడాతో గెలిచింది. అప్పటికి సింహాద్రి ఆసుపత్రికి పోయే ఆటోలో ఉన్నాడు. ఓనరు పక్కన కూర్చుని దారంతా ఒకటే మాట: ఇంట్లో కాలిందని చెప్పు, బాగయ్యేదాకా నేను చూసుకుంటాను.

"డాక్టరమ్మ అడిగినాది, ఇంట్లో పొయ్యికాడికి నువ్వెందుకు ఎల్లావయ్యా అని. నాకేటీ తోచనేదు. మా ఇంటిది మూకుడు దింపతా ఉంటే జారి నా మీద పడ్డాదనీసినాను."

ఆ మాట అంటుండగానే భార్య ధనలక్ష్మి పరుగున లోపలికొచ్చింది. "చూసుకోవద్దా అమ్మా?" అని డాక్టరు మందలించింది. ధనలక్ష్మి మొగుడి వంక ఒకసారి, ఓనరు వంక ఒకసారి చూసి, "జారిపోనాదండీ" అంది.

సింహాద్రి తల్లి మహాలక్ష్మమ్మ పూర్ణా మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. కోడలి చేతిలో మూకుడు జారిందని విని వచ్చి, వార్డులో అందరి ముందూ కోడలి చెంప పగలగొట్టింది.

సింహాద్రి వేళ్లు అతుక్కుపోయాయి. మూకుడు పట్టడం ఇక కుదరదని తేలాక, మూడో నెలలో ఓనరు కొత్త మాస్టర్ని పెట్టుకున్నాడు. ధనలక్ష్మి ఇప్పుడు రెండిళ్లలో పాచిపని చేస్తోంది. మొన్న మాఘంలో మరిది పెళ్లికి వెళితే అత్తగారు అందరూ వినేలా, "దీన్ని గాడిపొయ్యి కాడికి రానియ్యకండే, ఇంకెవుల్ని కాల్సీస్తాదో" అందట. ఆమె అన్నం ముట్టకుండా తిరిగొచ్చింది.

"ఇప్పటికైనా మీ అమ్మకి నిజం చెప్పకపోయావా?"

"సెప్పినాను బావా, రెండుపాలీలు. పెళ్లాన్ని ఎనకేసుకొత్తన్నావురా అంటాది. ఆ పోటీ టీవీలో సూసిందంట. అందరూ టైలు కట్టుకున్న గుంటలే గదా, నువ్వెక్కడున్నావురా అంటాది."

లోపల బియ్యం ఏరుతున్న ధనలక్ష్మి తలెత్తలేదు. "మా అత్త తిడితే పడతానండి. మొన్న మా హరిచందన, ఏడేళ్ల గుంట, 'అమ్మా, నాన్న సెయ్యి నువ్వే కాల్సీసినావా' అనడిగినాది. కాదే అన్నాను. 'నాయనమ్మ అబద్దం ఆడతాదేటి' అన్నాది."

నేను లేవబోయాను. సింహాద్రి ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"బావా, రేపు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి ఎల్లు. నువ్వు మా మనిసివి కాదు, నీకు అబద్దమాడే పని నేదు. ముందు రెండు కట్టలు గోంగూర కొను, బేరమాడితే అమ్మ మరి నీ మాట ఇనదు. అప్పుడు సెప్పు, కాల్సినది నీ కోడలు కాదమ్మా, ఆసుపత్రిలో అబద్దమాడినది నీ కొడుకు అని. గట్టిగా సెప్పు బావా. పక్క కొట్లోళ్లకీ ఇనబడాల."